ఎర్నీ డేవిస్ (1939–1963)

అమెరికా కళాశాల ఫుట్‌బాల్ చరిత్రలో చిరస్మరణీయుడైన క్రీడాకారుడు ఎర్నీ డేవిస్. ఆ దేశపు అత్యుత్తమ కళాశాల ఆటగానికి 1935 నుండి ఏటా ఇస్తున్న హైస్‌మన్ ట్రోఫీని 1961లో గెలిచి, ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతీయుడయ్యాడు. అయినా వృత్తి క్రీడాకారునిగా ఒక్క పోటీ కూడా ఆడకుండానే 23వ ఏట కన్నుమూశాడు.

అమెరికన్ ఫుట్‌బాల్ మన పిల్లలు కాలితో ఆడే ఆట కాదని పాఠకులు గమనించాలి. కోలగా ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తుతూ, లేదా తోటివానికి విసురుతూ ప్రత్యర్థి గీతను దాటించాలి. అలా దాటిస్తే టచ్‌డౌన్. దానికి 6 పాయింట్లు. డేవిస్ ఆడినది హాఫ్‌బ్యాక్ స్థానం. బంతితో పరుగెత్తడమే ఆ స్థానంలోని వాని ముఖ్యమైన పని.

బాల్యం, విద్య

డేవిస్ 1939 డిసెంబర్ 14న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని న్యూ సేలంలో జన్మించాడు. పసితనంలో యూనియన్‌టౌన్‌లో అమ్మమ్మ, తాతయ్యల వద్ద పెరిగాడు. చిన్ననాడు నత్తి బాధించేది. 12వ ఏట న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో తల్లి వద్దకు చేరాడు. అక్కడి ఉన్నత పాఠశాలలో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండింటిలోనూ రాణించి, సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించాడు. అక్కడ అంతకుముందు జిమ్ బ్రౌన్ ధరించిన 44వ సంఖ్య చొక్కానే అతనికీ ఇచ్చారు.

గెలుపు, అవమానం

బెన్ ష్వార్ట్జ్‌వాల్డర్ శిక్షణలో సిరక్యూస్ జట్టు 1959 సీజన్‌లో 11 పోటీలకు 11 గెలిచి జాతీయ విజేతగా నిలిచింది. వాటిలో చివరిది 1960 జనవరి 1న డల్లాస్‌లో జరిగిన కాటన్ బౌల్. అందులో టెక్సాస్‌ను 23–14తో ఓడించారు. డేవిస్ 87 గజాల టచ్‌డౌన్ సాధించి ఉత్తమ ఆటగాడుగా ఎంపికయ్యాడు. కాని ఆ తర్వాత జరిగిన విందులో నల్లజాతి ఆటగాళ్లు బహుమతి అందుకొని వెళ్లిపోవాలని నిర్వాహకులు నిర్దేశించారు. మైదానంలో అతనికి ఎదురులేదు. విందులో అతనికి చోటు లేదు.

మూడేళ్లలో 2,386 గజాలు పరుగెత్తి, 35 టచ్‌డౌన్‌లు చేసి, డేవిస్ తన విశ్వవిద్యాలయంలో జిమ్ బ్రౌన్ రికార్డులను అధిగమించాడు. 1961 డిసెంబర్‌లో ట్రోఫీ స్వీకరించడానికి న్యూయార్క్ వచ్చినప్పుడు అధ్యక్షుడు కెన్నెడీ అతనిని స్వయంగా కలిసి అభినందించాడు.

ఆడని ఆట

అప్పటికి వృత్తి జట్లలో నల్లజాతీయులను చేర్చుకోనిది వాషింగ్టన్ జట్టు ఒక్కటే. ప్రభుత్వ స్థలంలోని క్రీడా మైదానంలో ఆ వివక్ష చెల్లదని కేంద్ర ప్రభుత్వం హెచ్చరించిన తర్వాత, ఆ జట్టు 1962 ఎంపికలో అందరికంటె ముందుగా డేవిస్‌ను కోరుకొంది. పిమ్మట బాబీ మిచెల్ తదితరులకు బదులుగా అతనిని క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకు ఇచ్చింది.

1962 వేసవిలో డేవిస్‌కు ల్యుకేమియా, అనగా రక్త క్యాన్సర్, బయటపడింది. నాటి వైద్యం దానిని నయం చేయలేకపోయింది. 1963లో ఒక పత్రికలో తన జబ్బును గురించి రాస్తూ, తాను దురదృష్టవంతుడనని అనుకోవడం లేదని తెలిపాడు. ఆ ఏడే మే 18న క్లీవ్‌లాండ్‌లో మరణించాడు.

అతని సమాధి ఎల్మైరాలోని వుడ్‌లాన్ శ్మశానవాటికలో ఉంది. రచయిత మార్క్ ట్వేన్ సమాధి కూడా అక్కడే. అతడు ఒక్కసారైనా ధరించి పోటీ ఆడని 45వ సంఖ్యను బ్రౌన్స్ జట్టు మరెవ్వరికీ ఇవ్వకుండా నిలిపివేసింది. 1979లో కళాశాల ఫుట్‌బాల్ ప్రముఖుల జాబితాలో అతని పేరు చేరింది. 2008లో అతని జీవితం ఆధారంగా 'ది ఎక్స్‌ప్రెస్' అనే చలనచిత్రం వచ్చింది. ఎల్మైరాలో ఒక పాఠశాల నేడు అతని పేరుతో నడుస్తున్నది.