పండ్లపొడికి పేరు వచ్చిన విధము

మన తాతలనాడు పండ్లు తోముకొనుటకు కాసు వ్యయము లేదు. దొడ్డిలో వేపచెట్టుండెను. పొయ్యిలో కచ్చిక యుండెను. వంటింట నుప్పుండెను. సుశ్రుతుడు దంతకాష్ఠము పండ్రెండంగుళముల పొడవుండవలెనని విధించి, చేదువానిలో వేపయు, వగరువానిలో చండ్రయు శ్రేష్ఠములని చెప్పెను. మా నాయనమ్మ సుశ్రుతుని పేరైనను వినలేదు. కాని కచ్చికను మెత్తగా నూరి, పాతగుడ్డలో జల్లించి, లవంగముల పొడి యొకింత కలిపి పిడతలో దాచెడిది. అడిగినవారికెల్ల చిటికెడు పెట్టెడిది. ఆ పొడికి పేరు లేదు, వెల లేదు.

ఊరక దొరకెడి యిట్టి వస్తువును జనులు రొక్కమిచ్చి కొనుటకును, అందును ఫలానిదే కావలెనని పేరుపెట్టి యడుగుటకును ఎట్లలవాటు పడిరి? ఈ సంగతి తెలియవలెనన్న హైదరాబాదు పాతబస్తీనుండి మొదలుపెట్టుట మంచిది.

1591లో వెలసిన చార్మినారు చుట్టునుగల వీథులలో వైద్యమును వాణిజ్యమును చిరకాలము చేతులు కలిపి నడచినవి. ఒక దుకాణమున అత్తరు, ఒకదాన సుర్మా, వేరొకదాన ఎండిన మూలికలు. చార్మినారు చెంతనే నిజామియా యునానీ వైద్యశాల కలదు. మసీదుల కడ మిస్వాకు పుల్లలు కట్టలుగా నమ్ముదురు. పండ్లపొడిని అచ్చట మంజన్ అందురు. హకీము గాని, మూలికల వర్తకుడు గాని దానిని నూరి కాగితపు పొట్లములో కట్టి యిచ్చుట పూర్వపు పద్ధతి. కొన్నవానికి గుర్తుండునది అంగడి మాత్రమే. అంగడి మూతపడెనా, ఆ పొడి గుణమెంత గొప్పదైనను దానితోడనే మరుగున పడును.

ఈ పద్ధతిని దాటి పోయినవారిలో హకీము మహమ్మదు మొయిజుద్దీన్ ఫారూకీగారు ముఖ్యులు. వీరు 1920లో కార్ఖానా జిందా తిలిస్మాత్ అను సంస్థను నెలకొల్పిరి. దాని కార్ఖానా పాతబస్తీలో గాక, మూసీ కావలివైపున అంబరుపేటలో నున్నది. జలుబు, తలనొప్పి మొదలగువానికి వాడెడి జిందా తిలిస్మాత్ మందును మీలో ననేకు లెరిగియే యుందురు. నీలగిరితైలము, కర్పూరము, వాముపువ్వు మున్నగునవి అందు చేరినవి. ఇవి యెవరికిని దొరకని దివ్యౌషధములు కావు. విశేషమంతయు పేరులోను బొమ్మలోను ఉన్నది. ఆ పేరునకు ‘సజీవమైన మాయ’ యని యర్థము. బొమ్మ యొక ఆఫ్రికా వీరునిది. నిజాము కొలువున ఆఫ్రికా జాతివారి యాశ్వికదళ ముండెడిది. నగరమున ఏ.సీ. గార్డ్సు అను పేటకు ఆ పేరు వారి వలననే వచ్చినది. వారి దేహదార్ఢ్యము నగరవాసులు కన్నులార చూచినది. కనుక ఆ బొమ్మ చూడగనే బలము, ఆరోగ్యము తలపునకు వచ్చెడివి. నిజాము రాజ్యమున తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడము అను నాలుగు భాషలవారు నివసించిరి. వారిలో చదువురానివారే మెండు. బొమ్మ చదువుటకు ఏ భాషయు అక్కరలేదు గదా!

ఫారూకీ పండ్లపొడియు ఆ కార్ఖానాలో తయారైనదే. మందుకు మాయ పేరు పెట్టినవారు పొడికి మాత్రము తమ యింటిపేరే పెట్టిరి. నా దృష్టిలో ఇది సామాన్యమైన పని కాదు. మాయ ఫలింపకున్న జనులు నవ్వి యూరకుందురు. పొడి చెడినచో చెడునది వంశముపేరు. కొనువాడు ఆ జామీనును చూచియే కొనును. ధర పెంచి గొప్పతనము తెచ్చుకొను వర్తకులు కలరు. ఈ పొడి సామాన్యుని చేతికందెడి సరకుగనే యుండి, అంగడిలో పేరుపెట్టి యడుగబడు గౌరవమును సంపాదించినది.

మన తెలుగువారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఇంతకుముందే, 1893లో, బొంబాయిలో అమృతాంజనమును స్థాపించిరి. సంగీతసభలలో దానిని ఉచితముగా పంచి జనులకు అలవాటు చేసిరి. ఆ ధనమే 1908లో ఆంధ్రపత్రికకు ఆధారమైనది. అమెరికాలో ఇరువదవ శతాబ్దారంభమున క్లాడ్ హాప్‌కిన్సు అనునతడు పెప్సొడెంటు పేస్టుకు ప్రకటనలు వ్రాయుచు, నాలుకతో పండ్లను తడవి చూచుకొనుడు, పైన జిగురుపొర తగులునని చెప్పెను. తడవి చూచిన ప్రతివానికిని అది తగిలెను! ఆ పొర అంతకుముందును ఉన్నదే. లేని రోగమును కల్పింపక, ఉన్నదానినే భయముగా మార్చిన నేర్పు అది. ఇక నేటి వింత చూడుడు. బొగ్గు, ఉప్పు, వేప అను మూడింటిని పేస్టులో చేర్చి, మేలిరకమని చెప్పి పట్టణపు దుకాణములలో అమ్ముచున్నారు. మా నాయనమ్మ పిడత యిప్పుడు గొట్టములోనికి చేరినది.

అయితే పేరున్నంతమాత్రమున పొడి మంచిదనుట కాదు. గరుకైన పొడితో గట్టిగా రుద్దినచో పంటిపైనున్న పింగాణి యరగిపోవునని దంతవైద్యులు చెప్పుదురు. పుచ్చు రాకుండుటకు తగుమాత్రపు ఫ్లోరైడు మేలనియు వారి మాట. అంతకు మించిన ముప్పొకటి యుండెను. కొన్ని పండ్లపొడులలో పొగాకు కలిపెడివారు. 1992లో భారత ప్రభుత్వము దానిని నిషేధించినది.

నేను బడిలో పాఠములు చెప్పు దినములలో, నా శిష్యుని అవ్వ యొకామె దినమునకు నాలుగైదు మారులు పండ్లు తోముకొనెడిది. పిల్లవాడు దానిని ఆచారమని గర్వముగా చెప్పుకొనెడివాడు. ఒకపూట పొడి దొరకకున్న ఆమెకు తలతిరుగుడును కోపమును వచ్చెడివి. సంతలో కొన్న ఆ పొట్లమును తెప్పించి వాసన చూచితిని. పొగాకే! చేసినవా రెవరో తెలిసికొనవలెనని కాగితమును విప్పి, రెండువైపులను త్రిప్పి చూచితిని. పేరు లేదు, ఊరును లేదు.