కెన్యా రైతు స్త్రీల హరితవలయోద్యమము

చెట్టు నాటుట పుణ్యకార్యమని తెలుగు పల్లెలలో అనాదిగా ప్రతీతి. బాటల కిరువైపుల సాలుచెట్లు నాటించినవారిని, చెరువుకట్టపై రావిని వేపను కలిపి పెంచినవారిని గ్రామములు తరతరములుగా తలచుకొనుచున్నవి. అయితే నాటిన మొక్కలలో ఎన్ని బ్రతికినవని అడుగువారు అరుదు. ఆ ప్రశ్ననే ఆధారముగా చేసికొని, పెద్ద చదువులు లేని రైతు స్త్రీల చేతులమీదుగా కోట్లకొలది వృక్షములను నిలబెట్టిన ఉద్యమ మొకటి 1977లో ఆఫ్రికా ఖండమునందలి కెన్యా దేశమున జనించినది. దాని చరిత్ర సేద్యముపై బ్రదుకు ప్రతి గ్రామమునకును తెలియదగినది.

కెన్యా మధ్యభాగమున ఆబర్డేర్ కొండల వాలులలో కికుయు జాతివారు వ్యవసాయము చేసికొని జీవించుచుండిరి. మేడిజాతికి చెందిన ముగుమో వృక్షము వారికి పవిత్రము. దానిని నరుకరాదు, దాని ఎండుపుల్లనైనను వంటచెరకుగా ఏరరాదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆంగ్లేయుల పాలన స్థిరపడగా సారవంతమైన భూములు తెల్లదొరల వశమైనవి. అడవులు కొట్టి, కలపకొరకు పైను, వాటిల్, యూకలిప్టసు మొదలగు పరదేశపు చెట్లు నాటిరి. తెలుగు రైతులు జామాయిలని పిలుచునది ఈ యూకలిప్టసునే. 1963 డిసెంబరు 12న దేశము స్వతంత్రమైనను ఈ పోకడ మారలేదు. చిన్న రైతులు సైతము రొక్కము వచ్చునను ఆశతో ఉన్న చెట్లు తీసి తేయాకు, కాఫీ వేయసాగిరి.

ఈ ఉద్యమమును స్థాపించిన వంగారి మాథాయ్ 1940 ఏప్రిల్ 1న న్యేరి ప్రాంతమునందలి ఇహితే గ్రామమున రైతు కుటుంబమున జన్మించెను. బాల్యమున ఆమె ఇంటి చేరువనున్న ముగుమో చెట్టు దాపున పుట్టిన ఊటనుండి నీరు తెచ్చెడిది; అందలి కప్పగ్రుడ్లను పూసలనుకొని దండగా చేసికొనజూచి ఆడుకొనెడిది. పెద్దదై అమెరికాలో జీవశాస్త్ర మభ్యసించి, 1971లో నైరోబీ విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందెను. తూర్పు, మధ్య ఆఫ్రికా ప్రాంతములలో ఆ పట్టమందిన తొలి స్త్రీ ఆమెయే. పశువుల పిడుదులను గూర్చిన పరిశోధనకై పల్లెలు తిరుగుచు, వాన కురిసినంతనే మట్టితో రంగు మారు ఏరులను, మేతలేక బక్కచిక్కిన ఆవులను చూచెను. స్వగ్రామమున ముగుమో చెట్టు నరకబడి, ఆ చోట తేయాకు వేయబడియుండెను. ఊట ఎండిపోయెను. ఆ చెట్టు వేళ్లు లోతునకు చొచ్చి భూమిలోని నీటికి దారి చేయుచుండెననియు, కొండవాలున మట్టిని పట్టియుంచుచుండెననియు, పెద్దలు పెట్టిన కట్టడియే ఊటను కాపాడినదనియు ఆమె గ్రహించెను.

కెన్యా జాతీయ మహిళా మండలి సమావేశములలో పల్లె స్త్రీలు తమ కష్టములు చెప్పుకొనిరి: వంటచెరకు దొరకదు, మంచినీరు దూరము, పిల్లలకు సరియైన తిండి లేదు. చెట్లు నాటుదమని వంగారి సూచించెను. 1977 జూన్ 5న నైరోబీ నగరమున కముకుంజి ఉద్యానమునందు ఏడు మొక్కలు నాటిరి. వానిలో అధికభాగము నిలువలేదు. ఉత్సవముతో నాటిన చెట్టునకు రోజూ చూచు దిక్కు లేనిచో ఫలితము లేదని అర్థమైనది. పిమ్మట ఉద్యమము రైతుల సొంత పొలములకు మరలినది. కనీసము వేయి మొక్కలు వరుసలుగా నాటి నేలకు పచ్చని వడ్డాణము పెట్టవలెనని సంకల్పించిరి. హరితవలయమను పేరు అట్లు వచ్చినది.

మొదట అటవీశాఖ మొక్కల నుచితముగా నిచ్చెదనన్నది. స్త్రీలు కోరిన సంఖ్య పెరిగిపోగా ఏడాది తిరుగకమునుపే వెల చెల్లింపుడన్నది. నారు పెంచు విధానము చెప్పవచ్చిన అధికారుల శాస్త్రభాష వారికి బోధపడలేదు. జొన్న, చిక్కుడు విత్తి పండించు చేతులకు చెట్టు విత్తుట తెలియనిది కాదని వంగారి ధైర్యము చెప్పెను. స్త్రీలు చేరువనున్న చెట్లక్రింద గింజలు ఏరి, పగిలిన కుండలలో మట్టి నింపి విత్తిరి; కోళ్లు, మేకలు అందుకొనకుండ ఎత్తున నుంచిరి. త్వరగా ఎదుగు పరదేశపు మొక్కలపై రైతులకు మోజున్నను, ఆ నేలకు అలవడిన స్వదేశవృక్షములను పెంచుడని ఆమె పట్టుదలతో బోధించెను.

ఈ పద్ధతికి ప్రాణము లెక్క చూచుటలో నున్నది. నాటినంతనే ఎవరికిని ప్రతిఫలము లేదు. కొన్ని నెలలు గడచిన పిదప సంఘమువారు పొలమునకు వచ్చి, బ్రతికియున్న మొక్కలను లెక్కించి, మొక్క ఒక్కింటికి నాలుగు అమెరికా సెంట్లకు సమానమగు పారితోషిక మిచ్చుచుండిరి. సొమ్ము స్వల్పమే, కాని అది స్త్రీ చేతికి వచ్చిన సొంత సంపాదన.

చెట్టును కాపాడుటయనగా నేలను కాపాడుటయని నేర్చినవారికి పాలకులతో వివాదము తప్పలేదు. 1989లో నైరోబీలోని ఉహురు ఉద్యానమున అరువది అంతస్తుల భవనము కట్టనెంచగా వంగారి ఎదిరించి నిలిపించెను. 1999లో కరురా అడవిలో మొక్కలు నాటబోయి దెబ్బలు తిని గాయపడెను. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమానము లభించినది. అప్పటికి ఉద్యమము నాటిన చెట్లు 3 కోట్లకు మించినవి. 2011 సెప్టెంబరు 25న ఆమె పరమపదించెను. తన దేహమునకై చెట్టు కొట్టవలదని కోరియుండుటచే, వెదురు, జమ్ము, గుఱ్ఱపుడెక్కలతో అల్లిన పేటికలో అంత్యక్రియలు జరిపిరి.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడిన కాలమునుండి తెలుగు గ్రామస్థులు చందాలు వేసికొని పఠనాలయములు నిలుపుకొనిరి. బీరువాలోని పుస్తకముల సంఖ్యవలన గాక చదువరుల సంఖ్యవలన గ్రంథాలయము విలువ తెలియును. చెట్టు సంగతియు నంతే. గోయి త్రవ్వుట ఒకనాటి పని; మూడు వేసవులు నీరుపోసి, మేకనుండి కాచి, నీడ పడువరకు నిలుపుట ఊరి పని. ఆ పనిని పల్లె స్త్రీలు చేయగలరని కెన్యా పొలముల గట్లు నేటికిని సాక్ష్యము పలుకుచున్నవి.