గొట్టాలకు ఏ తొడుగు? వేడినీటికి, ఏసీకి, ఆవిరికి ఇన్సులేషన్ ఎంపిక

గొట్టంలో ప్రవహించేది నీరైనా, వాయువైనా, ఆవిరైనా, చుట్టూ ఉన్న గాలితో ఉష్ణాన్ని ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. ఈ మార్పిడిని మందగింపజేయడానికి గొట్టంపై అమర్చే పొరను ఉష్ణ బంధకం అంటారు. వాడుకలో దీని పేరు ఇన్సులేషన్. దుకాణంలో నల్లని రబ్బరు తొడుగు, బూడిదరంగు నురుగు తొడుగు, పసుపుపచ్చని గాజు ఉన్ని పక్కపక్కనే కనిపిస్తాయి. వీటిలో ఏది మేలైనదన్న ప్రశ్నకు అన్ని ఇళ్లకూ సరిపోయే ఒకే సమాధానం లేదు. గొట్టం ఎంత వేడిగా లేదా చల్లగా ఉంటుంది, ఆ ఊరి గాలిలో తేమ ఎంత అన్న రెండు సంగతులు తేలిన తరువాతనే సరైన ఎంపిక సాధ్యమవుతుంది. యానాంలో చాలని తొడుగు బళ్లారిలో చాలవచ్చు. ఏసీ గొట్టానికి మేలైనది ఆవిరి గొట్టంపై మాడిపోతుంది.

బంధకం పనిచేసే తీరు

నిశ్చలంగా ఉన్న గాలి మంచి ఉష్ణ బంధకం. గొట్టాల తొడుగులన్నీ గాలిని లేదా మరొక వాయువును చిన్న చిన్న అరలలో బంధించి ఉంచేవే. ఒక పదార్థం గుండా ఉష్ణం ఎంత సులభంగా సాగుతుందో తెలిపే కొలత ఉష్ణవాహకత్వం. రాగికి ఇది 390 వరకు, నీటికి 0.6, తొడుగులకు వాడే పదార్థాలలో ఎక్కువ వాటికి 0.03, 0.04ల మధ్య ఉంటుంది (వాట్/మీటర్ కెల్విన్). అరలలోని గాలి స్థానంలో నీరు చేరితే తొడుగు తన గుణాన్ని కోల్పోతుంది. నీటి వాహకత్వం గాలికి ఇరవై రెట్లకు పైగా ఉండడమే ఇందుకు కారణం. తడిసిన ఇన్సులేషన్ ఉన్నా లేనట్టేనని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

చల్లని గొట్టాలు: తేమతోనే అసలు పోరు

వేడి గొట్టం విషయంలో నష్టం ఇంధనానికే పరిమితం. చల్లని గొట్టం విషయంలో ఆ నష్టానికి తోడు నీటి బెడద కూడా ఉంటుంది. గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతను తుషార స్థానం అంటారు. తొడుగు పైభాగం అంతకంటె చల్లబడితే దానిపై చెమట పడుతుంది. ఆ చెమటే ఫాల్స్ సీలింగ్‌పై మరకగా, గోడపై బూజుగా, ఇనుప గొట్టంపై తుప్పుగా పరిణమిస్తుంది.

గాలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్‌గా ఉన్నప్పుడు తేమ 30 శాతమైతే తుషార స్థానం 15 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. తేమ 70 శాతమైతే అది సుమారు 29 డిగ్రీలకు, 85 శాతమైతే 32 డిగ్రీలకు చేరుతుంది. 7 డిగ్రీల చల్లని నీరు పారే 22 మిల్లీమీటర్ల గొట్టానికి లెక్క కడితే, మొదటి స్థితిలో 6 మిల్లీమీటర్ల రబ్బరు తొడుగు చాలు. రెండవ స్థితిలో 13 మిల్లీమీటర్లు, మూడవ స్థితిలో 25 మిల్లీమీటర్లు కేవలం అంచున నిలుస్తాయి. కనుక గోదావరి ముఖద్వారాన ఉన్న యానాంలోనూ, గంజాం తీరంలోనూ ఆపై మందమే క్షేమం. బళ్లారి, నాందేడ్ వంటి పొడి ప్రాంతాలలో కూడా మందాన్ని ఎండాకాలపు గాలినిబట్టి కాక వానాకాలపు గాలినిబట్టి నిర్ణయించుకోవాలి.

చల్లని గొట్టాలకు మూసిన అరలు గల నైట్రైల్ రబ్బరు ఎక్కువగా వాడతారు. ఆవిరి దానిలోనికి సులభంగా చొరబడదు. గాజు ఉన్ని వాడదలిస్తే దానిపై అల్యూమినియం రేకు వంటి ఆవిరి నిరోధక పొర చిల్లు లేకుండా ఉండి తీరాలి. ఒక్క చీలిక ఉన్నా ఆవిరి లోపలికి ప్రవేశించి నీరుగా మారుతుంది. ఆ తడి బయటికి కనిపించే నాటికి ఉన్ని చాలామేర నానిపోయి ఉంటుంది.

ఇళ్లలోని స్ప్లిట్ ఏసీల విషయంలో ఒక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. లావు గొట్టానికి మాత్రమే తొడుగు వేసి, సన్నదానిని వదిలివేస్తారు. లేదా రెండింటినీ కలిపి ఒకే తొడుగులో దూర్చుతారు. ఎక్కువ యంత్రాలలో పీడనాన్ని తగ్గించే కేపిలరీ లేదా వాల్వు బయటి యూనిట్‌లోనే ఉంటుంది. అందువల్ల సన్న గొట్టం కూడా చల్లగానే ఉంటుంది. రెండింటికీ వేర్వేరు తొడుగులు అవసరం. తీరప్రాంతాలలో ఇంటిలోపల గోడ వెంట సాగే ఏసీ డ్రెయిన్ గొట్టానికి కూడా పలుచని తొడుగు మేలు చేస్తుంది.

వేడినీటి గొట్టాలు

హోసూరు, కోలారు, బెంగళూరు ప్రాంతాలలో మేడలపై సౌర నీటి హీటర్లు మామూలు దృశ్యం. అక్కడి నీరు సాధారణంగా 60 డిగ్రీల వరకు, ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు అంతకు మించి వేడెక్కుతుంది. 65 డిగ్రీల నీరు గల 22 మిల్లీమీటర్ల గొట్టం, 25 డిగ్రీల గాలిలో తొడుగు లేకుండా ఉంటే మీటరుకు సుమారు 28 వాట్ల ఉష్ణాన్ని కోల్పోతుంది. 13 మిల్లీమీటర్ల తొడుగుతో ఆ నష్టం సుమారు 10 వాట్లకు తగ్గుతుంది. తొడుగు మందాన్ని రెట్టింపు చేస్తే 7 వాట్లకు దిగుతుంది. అనగా మొదటి 13 మిల్లీమీటర్లు 18 వాట్లను ఆదా చేయగా, తరువాతి 13 మిల్లీమీటర్లు 3 వాట్లనే ఆదా చేస్తాయి. ఇంటి గొట్టాలకు మితమైన మందం చాలు. డబ్బును మందం పెంచడానికి కాక, వంపులు, వాల్వులు సహా పూర్తి పొడవునా కప్పడానికి వెచ్చించడం లాభదాయకం.

అయితే తొడుగు చల్లారడాన్ని ఆలస్యం చేస్తుందే తప్ప ఆపలేదు. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు గల గొట్టం 10 మీటర్ల పొడవున 3 లీటర్లకు పైగా నీటిని నిలుపుకుంటుంది. రాత్రంతా నిలిచిన ఆ నీరు ఎంత మంచి తొడుగు ఉన్నా తెల్లవారేసరికి చల్లారుతుంది. హీటరు నుండి స్నానాల గదికి దూరం తగ్గించడమే దానికి విరుగుడు.

ఆవిరి గొట్టాలు

ఉప్పుడు బియ్యపు మిల్లులు, అద్దకపు పరిశ్రమలు, ఆసుపత్రి వంటశాలలు వాడే ఆవిరి వేరే కోవకు చెందినది. 7 బార్ల గేజి పీడనం వద్ద ఆవిరి ఉష్ణోగ్రత 170 డిగ్రీలు. ఆ వేడికి పాలిథీన్ నురుగు కరుగుతుంది, రబ్బరు గట్టిపడి పగులుతుంది. ఇక్కడ రాతి ఉన్ని, దానిపై అల్యూమినియం రేకు సరైన జోడి. మనుషులు తిరిగే చోట తొడుగు పైభాగం 60 డిగ్రీలు మించకుండా మందాన్ని నిర్ణయించడం పరిశ్రమలలో ఆచారం. కాలిన గాయాలు తప్పాలంటే ఇది ముఖ్యం. పారిశ్రామిక ఇన్సులేషన్ అమరికకు భారతీయ ప్రమాణం ఐఎస్ 14164 మార్గదర్శకంగా ఉంది.

పాత బాయిలర్ గొట్టాలపై ఆస్బెస్టాస్ పూత ఉండవచ్చు. దాని నూలుపోగులు ఊపిరితిత్తులలో చేరితే క్యాన్సర్‌కు దారితీస్తాయి. అనుమానం ఉన్న పూతను గోకడం, పగలగొట్టడం కూడదు. శిక్షణ పొందిన వారిచేతనే తీయించాలి.

మామూలు నీటి గొట్టాలు

శీతల దేశాల పుస్తకాలు నీటి గొట్టాలకు తొడుగు చెప్పేది ముఖ్యంగా గడ్డకట్టి పగలకుండా. దక్షిణాది మైదానాలలో ఆ భయం లేదు. ఇక్కడి సమస్య ఎండ. మేడపై ఎండలో పడి ఉన్న గొట్టంలోని నీరు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంతగా కాగుతుంది. పలుచని నురుగు తొడుగు, దానిపై తెల్లని లేదా మెరిసే పొర ఈ తాపాన్ని తగ్గిస్తాయి.

పదార్థాలు ఒక్క చూపులో

పాలిథీన్ నురుగు: సుమారు 90 డిగ్రీల వరకు. చవక. ఇంటి నీటి గొట్టాలకు అనువు.

నైట్రైల్ రబ్బరు: సుమారు 105 డిగ్రీల వరకు. ఏసీ, చల్లని నీటి గొట్టాలకు ఉత్తమం.

పాలీయురేథీన్ నురుగు: సుమారు 110 డిగ్రీల వరకు. వాహకత్వం 0.025కు దగ్గరగా ఉండడంతో తక్కువ మందంలోనే ఎక్కువ ఫలితం.

గాజు ఉన్ని: సాధారణ రకాలు సుమారు 230 డిగ్రీల వరకు. తడికి దూరంగా ఉంచాలి.

రాతి ఉన్ని: సుమారు 650 డిగ్రీల వరకు. ఆవిరి గొట్టాలకు తగినది.

అమరికలో జాగ్రత్తలు

గొట్టానికి లీకు పరీక్ష పూర్తయి, పైభాగం పొడిగా, శుభ్రంగా ఉన్నప్పుడే తొడుగు వేయాలి. కోసిన అంచులను తగిన జిగురుతో పూర్తిగా అతికించాలి. పైన టేపు చుట్టినంత మాత్రాన సరిపోదు. క్లాంపు నేరుగా గొట్టాన్ని పట్టుకుంటే ఆ చోటనే చెమట పుడుతుంది. క్లాంపు బిగువుకు తొడుగు నలిగినా ఫలితం అదే. కనుక అక్కడ గట్టి దిమ్మెను ఆధారంగా ఉంచాలి. ఎండ తగిలే రబ్బరుపై రక్షక రంగు గాని, రేకు గాని లేకుంటే కొన్ని ఏళ్లలోనే పగుళ్లు వస్తాయి. రబ్బరు, నురుగు తొడుగులు మండే స్వభావం గలవి. ఇంటిలోపల వాడేవి మంటను వ్యాపింపజేయని రకమై ఉండాలి. గాజు ఉన్ని, రాతి ఉన్ని పనిలో చేతి తొడుగులు, ముఖానికి మాస్కు తప్పనిసరి.

ఇన్సులేషన్ గోడలోనో, సీలింగ్ పైనో ఒకసారి మూతపడితే మళ్లీ కంటబడదు. అందులోని లోపం మాత్రం మరకగానో, కరెంటు బిల్లుగానో బయటపడుతూనే ఉంటుంది. అందుచేత మేస్త్రీ సీలింగ్ మూసేలోపు ప్రతి వంపునూ, ప్రతి అతుకునూ ఇంటి యజమాని ఒకసారి చేతితో తడిమి చూసుకోవడం ఉత్తమం.