పార్సిల్‌లో వచ్చిన బట్టలు: నర్సు వెరా రాసిన యుద్ధం

ఈ వారం ఎపిసోడ్‌లో టైమ్ చాలక వదిలేసిన సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నా. ఎపిసోడ్ విననివాళ్లకీ అర్థం కావాలి కదా, అందుకే మొదటి నుంచి చెప్తాను.

వెరా బ్రిటెయిన్ ఇంగ్లండ్‌లో 1893లో పుట్టింది. డబ్బున్న కుటుంబం, పేపర్ మిల్లు వ్యాపారం. ఆడపిల్లకి పెద్ద చదువెందుకన్న కాలంలో తండ్రిని ఒప్పించి 1914లో ఆక్స్‌ఫర్డ్‌లో చేరింది. అదే ఏడాది మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. కాబోయే భర్త రోలండ్, తమ్ముడు ఎడ్వర్డ్, వాళ్ల దోస్తులు విక్టర్, జెఫ్రీ, నలుగురూ సైన్యంలోకి పోయారు. 1915లో వెరా చదువు ఆపేసి వాలంటీర్ నర్సుగా చేరింది. గాయాలు కడగడం, కట్లు మార్చడం, బెడ్‌పాన్లు తీయడం, అన్నీ పనిలో పడ్డాకే నేర్చుకుంది. లండన్, మాల్టా, ఫ్రాన్స్‌లో ఎటాప్ల్... మధ్యలో కొన్నాళ్లు ఆగినా, దాదాపు నాలుగేళ్లు అదే పని.

1915 క్రిస్మస్‌కి రోలండ్ సెలవు మీద రావాలి. బ్రైటన్‌లో ఒక హోటల్‌లో వెరా ఎదురుచూస్తోంది. పండగ రోజంతా కబురు లేదు. మరునాడు పొద్దున ఫోన్ వచ్చింది. రోలండే అనుకుని పోయి ఎత్తింది. లైన్‌లో ఉన్నది అతని చెల్లెలు. రాత్రిపూట ముళ్లకంచె చూడ్డానికి పోయినప్పుడు తూటా తగిలి, డిసెంబర్ 23న ప్రాణం పోయిందట. వయసు 20. అతను పోయిన మూడు రోజుల తర్వాత కూడా వెరా అతని కోసం మంచి జాకెట్టు వేసుకుని తయారవుతూనే ఉంది.

కొన్ని వారాలకి అతని సామాను ఇంటికి వచ్చింది. మూట విప్పేటప్పుడు వెరా అక్కడే ఉంది. తూటా చిల్లిపడ్డ యూనిఫాం, ఎండిన రక్తం, ఫ్రాన్స్ బురద. అన్నిటికంటే భరించలేనిది ఆ వాసన. తల్లి చూడలేక, వాటిని తన కళ్లముందు నుంచి తీసెయ్యమంది. మన రూముల్లో ఎవరైనా పోయినప్పుడు, ఆయన సూట్‌కేస్ సర్ది ఊరికి పంపినవాళ్లు మీలో ఉంటారు. ఏ చొక్కా పెట్టాలి, ఏది ఇంట్లోవాళ్లు చూడకూడదు అని కాసేపు ఆలోచిస్తారు. రోలండ్ సామాను సర్దినవాళ్లు అది ఆలోచించలేదు.

ఆ తర్వాతవి వరసగా జరిగాయి. 1917 ఏప్రిల్‌లో జెఫ్రీ చనిపోయాడు. అదే నెలలో విక్టర్‌కి రెండు కళ్లూ పోయాయి. పెళ్లి చేసుకుని జీవితాంతం చూసుకుందామని వెరా మాల్టా నుంచి తిరిగొచ్చింది. జూన్‌లో అతనూ పోయాడు. ఇక మిగిలింది తమ్ముడు. ఎటాప్ల్‌లో ఆమెకి మొదట ఇచ్చిన డ్యూటీ ఏమిటో తెలుసా? గాయపడ్డ జర్మన్ ఖైదీల వార్డు. తమ్ముడు జర్మన్ల మీద తుపాకీ పేలుస్తుంటే, అక్క జర్మన్ల ప్రాణాలు నిలబెడుతోంది. ఎడ్వర్డ్ 1918 జూన్ 15న ఇటలీ కొండల్లో చనిపోయాడు.

నవంబర్ 11న యుద్ధం అయిపోయిందని లండన్ అంతా సంబరాలు. ఆ టైమ్‌కి వెరా హాస్పిటల్‌లో కట్లు కట్టే గిన్నెలు కడుగుతోంది. సంబరం పంచుకోవాల్సిన నలుగురిలో ఒక్కరూ లేరు.

నాకు అసలు కథ ఇక్కడి నుంచే అనిపిస్తుంది. 1919లో మళ్లీ ఆక్స్‌ఫర్డ్ పోతే, చిన్న పిల్లలకి ఆమె యుద్ధం గోల అక్కర్లేదు. అద్దంలో చూసుకుంటే తన ముఖం మీద గడ్డం మొలుస్తున్నట్టు కనబడేది. ఎవరికీ చెప్పుకోలేదు. చాలా నెలలు ఆ భ్రమతోనే క్లాసులకి పోయింది. జరిగినదాన్ని నవలగా రాయాలని చూసింది, కుదరలేదు. చివరికి పేర్లు మార్చకుండా తన కథగానే రాస్తే 1933లో ‘టెస్టమెంట్ ఆఫ్ యూత్’ అచ్చయింది. యుద్ధం ఆగిన 15 ఏళ్లకి! తుపాకులు ఆగిన తేదీ చరిత్ర పుస్తకంలో ఒక్క లైను. ఆమె లోపల అది ఆగడానికి పట్టిన కాలానికి లెక్క కట్టేవాళ్లు లేరు.

రెండో యుద్ధంలో తన దేశమే జర్మనీ ఊళ్ల మీద బాంబులు వేస్తుంటే, 1944లో దానికి వ్యతిరేకంగా చిన్న పుస్తకం రాసింది. తిట్లు బాగానే పడ్డాయి. ఎటాప్ల్ వార్డులో జర్మన్ల గాయాలు కడిగిన మనిషి అలా రాయడంలో నాకైతే వింత కనబడలేదు.

1970లో వెరా చనిపోయింది. కోరుకున్నట్టే ఆమె అస్థికలు ఇటలీలో తమ్ముడి సమాధి మీద చల్లారు.

ఎడ్వర్డ్‌కి ఒక సమాధి ఉంది, దాని మీద పేరుంది. అదే యుద్ధంలో మనవాళ్లు మెసపొటేమియాకి, అంటే ఇప్పటి ఇరాక్‌కి పోయారు. తెలుగువాళ్లు కూడా చేరే మద్రాస్ శాపర్స్ అక్కడ పనిచేసింది. సమాధి దొరకని 40,000 మందికి పైగా చనిపోయినవాళ్ల కోసం బస్రాలో స్మారకం కట్టారు. బ్రిటిష్ సిపాయిలందరి పేర్లూ చెక్కారు. భారతీయుల్లో ఆఫీసర్ల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలవి దళానికి ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. కువైట్‌లో ఉన్న అన్నలకి బస్రా ఎంత దగ్గరో నేను చెప్పక్కర్లేదు.

మీ ఇళ్లలో ముత్తాతల నాటి మెడల్ గానీ, ఉత్తరం గానీ, పెన్షన్ కాగితం గానీ ఉంటే, ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు అమ్మనో నాయనమ్మనో అడిగి ఫోటో తీయించి పంపండి. వచ్చినవాటితో ఇంకో ఎపిసోడ్ చేద్దాం.