తంజావూరు ఆయుధశాల – పాత విండ్ల పునరుద్ధరణ

తంజావూరు నాయకరాజులు 1532 మొదలు 1673 వరకు చోళమండలము నేలి తెలుగు సారస్వతమును పోషించిరి. వారి యక్షగానములను తలచువారు పెక్కురు. వారి ఆయుధములను తలచువారు అరుదు. నాయకుల పిమ్మట మహారాష్ట్ర రాజుల యేలుబడిలో నిలిచిన ఆయుధశాల, 1855లో సంస్థానము కుంఫిణీ వశమైన పిదప చెదరిపోయెను. మద్రాసు సివిలు ఉద్యోగియగు వాల్‌హౌసు 1878లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో దాని కథను వ్రాసెను. మేలైన ఆయుధములు కొన్ని మద్రాసు మ్యూజియమునకు చేరినవి. తక్కినవానిలో పెక్కింటిని విరుగగొట్టి పాత యినుముగా అమ్మివేసిరి.

ఇనుమునకే యీ గతి పట్టగా, కొయ్య, కొమ్ము, నార కలిసిన విల్లునకు పాత యినుము వెలకూడ రాదు. కావున మిగిలిన పాతవిల్లు ఎచట నున్నను, దాని అంగములకు తగిన ద్రవ్యములతోనే బాగుచేయుట అవసరము.

ఆ ద్రవ్యము లెవ్వి? కౌటిల్యుని అర్థశాస్త్రము విల్లునకు తాడిమ్రాను, వెదురు, గట్టికొయ్య, కొమ్ము అను నాల్గింటిని, నారికి మూర్వ, జిల్లేడు, జనుము, గవేధువు, వెదురు, స్నాయువు అను ఆరింటిని పేర్కొన్నది. మూర్వనుండియే ‘మౌర్వి’ అను పేరు వచ్చినది. తెలుగువారు మూర్వను చాగ యందురు. కొమ్మువిల్లు శార్‌ఙ్గము.

తరువాతి కాలపు సంయుక్తధనుస్సునకు నడుమ కొయ్య, విలుకానివైపు గేదెకొమ్ము పలకలు, వెలుపల జిగురుతో అతికిన స్నాయువులు ఉండును. విల్లు వంగునపుడు కొమ్ము ఒత్తిడిని, స్నాయువు లాగుడును ఓర్చును. తేమకు జిగురు మెత్తబడును గనుక పైని రంగును, మెరుగుపూతను వేసెడివారు. నారి దించగా ఇట్టి విల్లు ఎదురుదిక్కునకు వంగును. ఇది తెలియక, ఉన్న వంపువైపే నారి బిగించినచో విల్లు విరుగును.

పునరుద్ధరణలో పాటింపవలసిన నియమములు స్వల్పములే. పోయిన కొమ్ముపలకకు కొమ్మునే చేర్పవలెను. చర్మపుజిగురు గోరువెచ్చని నీటికి విడివడును. నేటి కృత్రిమపు జిగురులు పెక్కు అట్లు విడివడవు. తీసివేసిన పాత తునకను పారవేయక, గుర్తు వ్రాసి విల్లుతో భద్రపరుపవలెను. క్రొత్తగా చేర్చినది యేదో తెలియునట్లు నమోదు చేయవలెను. పాతవిల్లు నెన్నడును ఎక్కుపెట్టి పరీక్షింపరాదు.

పరీక్షకు మార్గము వేరు. 1545లో మునిగి, 1982లో వెలికితీయబడిన ‘మేరీ రోజ్’ అను ఆంగ్లనౌకకు చెందిన విండ్లు నూరింటికి మించి దొరకినవి. పరిశోధకులు ఆ కొలతలతో యూ కొయ్యవిండ్లను క్రొత్తగా చేయించి, వానిని లాగి బలమును అంచనా కట్టిరి.

తిరునెల్వేలి ప్రాంతమందలి కృష్ణాపురమున, మధుర నాయకుల కాలపు ఆలయములో, కర్ణార్జునుల శిల్పములు ప్రసిద్ధములు. శిల్పము వీరుని రూపమును చూపును గాని, వింటిలోని కొమ్మును, స్నాయువును చూపజాలదు. ఆ సాక్ష్యమును పాతవిల్లే యీయవలెను. తప్పుడు అంగములతో మెరుగుపెట్టిన విల్లు కంటికి ఇంపైనను సాక్ష్యమును కోల్పోవును. తెలుగువారి యే యింటనైనను అట్టి విల్లుండినచో, ఆయుధపూజనాడు నూనె, రంగు పూయక పొడిగుడ్డతో తుడిచి, నారి దించి, తేమ తగులనిచోట నుంచుట చాలు. తంజావూరున జరిగిన నష్టము మరల జరుగకుండుటకు అదియే తొలిమెట్టు.