వ్యోమయానము - మూత్రపిండములు

మూత్రపిండమున రాయి పుట్టినవాడు పడు యాతనను మీలో పెక్కురు చూచియే యుందురు. మన వైద్యులు దానిని అశ్మరి యందురు. ఆ నొప్పి భూమికి సుమారు రెండువందల మైళ్ల యెత్తున, వైద్యుడు చేరరానిచోట వచ్చిన నేమగును? 1982 సంవత్సరమున సోవియట్ వ్యోమగాములిరువురు సాల్యూత్-7 అను కేంద్రమున 211 దినములు నివసించిరి. అందొకనికి హఠాత్తుగా కడుపులో తీవ్రమైన నొప్పి పుట్టెను. యాత్ర మాన్పించి దింపవలయునేమో యని క్రింది వైద్యులు తలపోయుచుండగా నొప్పి తనంత తాను శమించినది. రాయియే కారణమని వారనుమానించిరి.

ఆకాశమున కేగినంతనే రాయి యేల పుట్టవలయును? ఈ ప్రశ్న చరిత్రను నేడు మనవి చేసెదను.

మనము నిలుచున్నపుడు రక్తము తన బరువుచే కాళ్లవైపు దిగుచుండును. భూమిని చుట్టివచ్చు నౌకలో మనుష్యుడు నౌకతో గూడ నిరంతరము పడుచునే యుండును గనుక వానికి బరువు తెలియదు. అప్పుడు కాళ్లలోని ద్రవము రమారమి రెండు లీటర్ల వరకు రొమ్మునకు, తలకు ఎక్కును. మొగ ముబ్బును, కాళ్లు కొంగకాళ్లవలె సన్నగిల్లును. 1963 మే నెలలో గోర్డన్ కూపర్ అను అమెరికనుడు 34 గంటలు తిరిగి వచ్చి ఓడపై నిలువబడగా తల తిరిగినది. మూడు కిలోలకు పైగా బరువు తగ్గినాడు. అందు చాలభాగము నీరే.

విద్వాంసులు దీనికొక కారణ మూహించిరి. రొమ్మున రక్తము నిండగా శరీరము తనలో నీరు మిక్కుటమైనదని భ్రమించి, మూత్రపిండములచే దానిని వెలికి నెట్టించునట. వినుటకు సబబుగనే యున్నది. కాని కొలిచి చూడవలదా? 1973-74లలో స్కైలాబ్ కేంద్రమున మూడు జట్లు వరుసగా 28, 59, 84 దినములుండెను. వారు ప్రతిదినము మూత్రమును కొలిచి, కొంత గడ్డకట్టించి నేలకు తెచ్చిరి. ఊహించిన వరద కానరాలేదు. పైగా తొలి దినములలో వికారముచే వారు త్రాగునీరే తగ్గినది. 1991 జూనులో డ్రూ గాఫ్నీ అను వైద్యుడు సన్నని గొట్టమును తన చేతినరము గుండా హృదయము దాపునకు పోనిచ్చుకొని ఆకాశమున కెగిరెను. అచట పీడనము పెరుగునని అందరును తలచిరి, తగ్గినది! ఇరువది యేండ్లు పాఠములలో నిలిచిన మాట ఒక్క గొట్టముతో సడలినది. ఇట్టి సాహసమునకు నేను మ్రొక్కుదును. రక్తములోని నీరు తగ్గుట నిజమే. కాని అది చాలవరకు కణజాలములోనికి ఇంకుటవలనను, తక్కువ త్రాగుటవలనను అని తేలినది.

ఇక రాయి మాట. మోయవలసిన బరువు లేనందున ఎముకలు సున్నమును విడుచును. అది మూత్రమున చేరును. నీరు కొంచెము, సున్నము మెండు. ఈ సంగతిని భూమిపై శోధించిన పెగ్గీ విట్సన్ అను జీవరసాయన శాస్త్రవేత్త 2002లో తానే అంతర్జాతీయ వ్యోమకేంద్రమునకు పోయి తనపైనను పరీక్ష జరుపుకొనినది. నిమ్మపులుపునకు చుట్టమైన పొటాసియం సిట్రేటు మాత్రలు రాయి పుట్టు భయమును తగ్గించునని ఆ పరీక్షలవలన తెలిసినది.

ఇచట నొక వింత చెప్పక విడువలేను. మూత్రమును శుద్ధిచేసి త్రాగునీరుగ మార్చు యంత్రమును 2008లో ఆ కేంద్రమునకు పంపిరి. మరుసటి యేడు అది మూలబడినది. విప్పి చూడగా లోపల సున్నపు గార పేరుకొని యున్నది! వ్యోమగాముల యెముకలనుండి కరగిన సున్నమే యంత్రమున గట్టిపడినది. నూటికి 85 పాళ్ల నీటిని రాబట్టదలచినవారు ఆ లెక్కను తగ్గించుకొనవలసి వచ్చెను.

2024లో లండను పరిశోధకుల ఆధ్వర్యమున వెలువడిన ఒక పరిశోధన వ్యాసము మరియొక భయమును తెచ్చినది. నెల తిరుగకముందే మూత్రపిండములలోని సన్నని నాళముల ఆకృతి మారుననియు, రాళ్లకు ఎముకల సున్నమే కాక మూత్రపిండము లవణములను నడపు తీరు మారుటయు హేతువు కావచ్చుననియు అందు వ్రాసిరి. అంగారక యాత్రకు పట్టు రెండున్నర సంవత్సరములకు సరిపడు కిరణములను ఎలుకలపై ప్రసరింపజేయగా వాని మూత్రపిండములు కోలుకొనలేనంతగా చెడిపోయెను. సిట్రేటు మాత్ర రాళ్లను ఆపవచ్చును గాని, ఈ కిరణములను ఆపలేదు.