నరసాపురపు లేసు: పుట్టుపూర్వోత్తరములు

గోదావరి వసిష్ఠశాఖ అంతర్వేదికడ సముద్రమును చేరుటకు ముందు ఒరసిపోవు సీమలో, నరసాపురము, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపట్ల పల్లెలలో, మధ్యాహ్నపు భోజనములై ఎంగిళ్ళు ఎత్తిన పిమ్మట స్త్రీలు అరుగులమీద కూర్చుండి తెల్లని నూలుదారముతో పువ్వులు అల్లుట తరతరములుగా కానవచ్చు దృశ్యము. చేతిలో ఒక చిన్న సూది. దాని కొన కొక్కెమువలె వంగియుండును. ఒడిలో దారపుండ. చూపు ఒకప్పుడు పొయ్యిమీది పాలపైనను, ఒకప్పుడు ఊయెలలోని బిడ్డపైనను ఉండును గాని వ్రేళ్ళు ఆగవు. దీనినే ఊరివారు లేసుపని అందురు.

లేసు అనునది ఆంగ్లపదము. అది ఫ్రెంచి ద్వారమున లాటిను భాషనుండి వచ్చినది. ఆ మూలపదమునకు ఉచ్చు అని అర్థము. దారమును ఉచ్చులుగా పన్ని, నడిమి ఖాళీని పువ్వుగా తీర్చుపని గనుక పేరు తగినట్లే ఉన్నది. క్రోషే అనునదియు ఫ్రెంచి మాటయే. కొక్కెమని దాని భావము. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వస్త్రభేదములను పేరుపేరున ఏకరువుపెట్టిన సంగతి చదువరులు ఎరుగుదురు. అట్టి నేతబట్టల సంపద తెలుగుదేశమున ఎంత యుండినను, లేసు మాత్రము దూరదేశమునుండి వచ్చి ఇచట వేరూనిన విద్య. ఎవరివలన వచ్చినదో తెలిసికొనుట సులభము. వచ్చినది ఎందులకు పోలేదు అనునదే విచారింపదగిన విషయము.

ఈ సీమకు నూలు క్రొత్తది కాదు. 17వ శతాబ్దమున నరసాపురపు రేవు ఓడల నిర్మాణమునకు పేరొందియుండెను. పాలకొల్లున డచ్చివారు వర్తకశాల పెట్టిరి. వారి సమాధులు నేటికిని అచట కలవు. నరసాపురము ప్రక్కనున్న మాధవాయపాలెములో ఆంగ్లేయుల కంపెనీవారు వర్తకశాల నెలకొల్పిరి. పరదేశీయుల నాలుకకు ఆ పేరు తిరుగక మదపొల్లామని పలికిరి. అచటినుండి ఎగుమతియైన మెత్తని నూలుబట్టకు ఊరి పేరే పెట్టిరి. నేటికిని ఫ్రెంచి, స్పానిషు నిఘంటువులలో ఆ మాట ఒక తెల్లని సన్ననూలు వస్త్రమునకు పేరుగా నిలిచియున్నది. ఊరు చూడనివారు, ఊరున్నదని ఎరుగనివారు కూడ ఆ పేరుతో బట్ట కొనిరి. అయితే 19వ శతాబ్దమున ఇంగ్లండు మిల్లుగుడ్డ వెల్లువయై వచ్చుటతో ఈ తీరపు సాలెల మగ్గములు చాలవరకు మూలపడెను. పేరు పరదేశపు మిల్లుబట్టకు పోయెను. పాలెమునకు ఏమియు మిగులలేదు. దానిపై 1833లో నందననామ సంవత్సరపు కరవు వచ్చెను. డొక్కలకరవని ఇప్పటికిని పెద్దలు చెప్పుకొను ఆ దుర్భిక్షము గుంటూరు సీమను నేలమట్టము చేసినది. గోదావరి సీమయు దాని వేడికి మాడినది. ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగియుదాక ఈ డెల్టా నేటి డెల్టా కాదు.

ఈ నడిమి కాలముననే మిషనరీలు వచ్చిరి. 1836లో ఇంగ్లండులోని డెవన్ జిల్లా బార్న్‌స్టేపుల్ పట్టణమునుండి విలియం బౌడెను, జార్జి బీరు అను ఇరువురు భార్యలతో బయలుదేరి వచ్చి ఈ ప్రాంతమున స్థిరపడిరి. ఒకరు రాతిపనివారు, మరియొకరు చెప్పులు కుట్టువారు. దొరతనపు ఉద్యోగులు కారు, చేతిపనివారు. అటు తరువాత 1844లో స్కాట్లండు దేశపు మక్రే దంపతులు ఇచటి స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరని ఈ ప్రాంతపు వాడుక. మొదట నేర్చినవారు, ఆనాటి సంఘము ఊరివెలుపల ఉంచిన కుటుంబములనుండి క్రైస్తవమతమున చేరిన బీదస్త్రీలు. ఎగువ గోదావరిమీద దుమ్ముగూడెములోను మిషనువారు ఇదే విద్యను నేర్పిరి. అంతకుముందే, 1821 ప్రాంతమున, దక్షిణమున నాగర్‌కోయిలులో మాల్టు దొరసాని లేసుపాఠశాల పెట్టెను. ఆ తిరువాన్కూరు రాజ్యమున అప్పటికి దాస్యము కలదు. అచటి బానిస స్త్రీలలో కొందరు లేసు అల్లి కూడబెట్టిన సొమ్ముతో తమ విడుదలను తామే కొనుక్కొనిరి. దారముతో ఇంతటి పని చేయవచ్చునని కథలో వ్రాసిన నమ్మరు. కాని ఇది చరిత్ర.

లేసు యొక్క పూర్వచరిత్రను చూడవలెనన్న మ్యూజియములకు పోవలెను. లండను నగరమున విక్టోరియా ఆల్బర్టు మ్యూజియము లేసునకు పెట్టినది పేరు. ఆ సంస్థ 1852లో, అనగా ధవళేశ్వరపు ఆనకట్ట ముగిసిన ఏటనే, నెలకొల్పబడినది. అచట అద్దముల వెనుక నల్లని గుడ్డమీద పరచియుంచిన కంఠపట్టెలు, ముసుగులు, మేజాగుడ్డలు శతాబ్దముల నాటివి. చూచువారికి అన్నియు ఒకటే తెలుపు. కాని దగ్గరగా భూతద్దము పెట్టి చూచినచో మూడు తెగలు తేటపడును. చిన్నకర్రలకు చుట్టిన పెక్కుదారములను దిండుమీద గుండుసూదుల చుట్టు త్రిప్పి, జడవలె పెనవేయుట ఒకటి. ఫ్లాండర్సు దేశము దీనికి పేరొందినది. ఒంటిసూది, ఒంటిదారముతో గుడ్డ లేకయే గాలిలో కాజాకుట్టు కుట్టుట మరియొకటి. ఇది వెనీసు నగరపు విద్య. ఈ రెండును 16వ శతాబ్దమున యూరపులో పుట్టినవి. మూడవది కొక్కెపుసూది అల్లిక. ఇది వీనికి చిన్నచెల్లెలు. 19వ శతాబ్దముననే దేశదేశముల వ్యాపించినది. నరసాపురపు పని ఈ తెగకు చెందును.

పెద్దలేసునకు రాజుల చరిత్రలో చోటున్నది. ఫ్రాన్సు మంత్రి కోల్బేరు 1665లో వెనీసు ధాటికి పోటీగా తన దేశమున లేసు కార్ఖానాలు పెట్టించెను. 1840లో విక్టోరియా రాణి వివాహమునకు డెవన్ జిల్లా స్త్రీలు నెలలతరబడి కూర్చుండి లేసు సిద్ధపరచిరి. కాని అప్పటికే ఆ విద్యకు కాలము మూడినది. 1809 నాటికి జాన్ హీత్‌కోటు అను ఆంగ్లేయుడు దిండుమీది లేసు జాలిని అల్లగల యంత్రమునకు హక్కుపత్రము పొందెను. 1816లో లడ్డైట్లను యంత్రద్వేషులు అతని కార్ఖానాలో చొరబడి యంత్రములను పగులగొట్టిరి. అతడు డెవన్ జిల్లాలోని టివర్టనునకు తరలిపోయి అచట మరల మొదలుపెట్టెను. చేతిలేసునకు పేరొందిన జిల్లాలోనే యంత్రలేసు స్థిరపడుట విధి చేసిన పరిహాసము. అటుపై ముసలమ్మలు మానిరి, పడుచులు నేర్వరైరి, లేసు పెట్టెలలోనుండి మ్యూజియములకు ఎక్కెను.

కొక్కెపు అల్లిక సంగతి వేరు. ఇందు ప్రతి ఉచ్చును వెనుకటి ఉచ్చులోనుండి సూదితో లాగవలెను. పనిలో ఎక్కడనైనను సూది గ్రుచ్చవచ్చును, ఎటునైనను తిప్పవచ్చును. ఈ స్వేచ్ఛయే యంత్రమునకు అడ్డు. నేటికిని యంత్రములు దీని పోలికను నేయగలవే గాని దీనిని చేయలేవు. కనుక ఇది కావలసినవారు మనుష్యుల చేతులనే వెదకుకొనవలెను. ఎచట చేతులు చవుకయో అచటికి పోవలెను. 1845లో ఐర్లండున బంగాళాదుంప పైరు తెగులుతగిలి మహాక్షామము వచ్చెను. 1847లో క్లోన్సు అను చిన్నపట్టణమున కసాండ్రా హాండు అను మతగురువు భార్య ఆకలితో ఉన్న కుటుంబములకు కొక్కెపు అల్లిక నేర్పించెను. వెనీసు లేసు పోలికలను ఆ ఐరిషు స్త్రీలు కొక్కెపుసూదితో తీర్చిరి. ఆ పూవులమ్మిన డబ్బుతో పిల్లలు బ్రతికిరి. నాగర్‌కోయిలు, క్లోన్సు, నరసాపురము అను మూడు ఊళ్ళను పటములో గుర్తుపెట్టి చూచిన, లేసు నడచిన దారి లేమి వెంబడిదేనని తోచును.

నరసాపురమున ఇది వర్తకమైనది 1900 ప్రాంతమున. స్థానిక క్రైస్తవ వర్తకులు పనిని పోగుచేసి విదేశములకు పంపసాగిరి. తరువాత ఇతరులును దిగిరి. పని జరుగు తీరు ఆనాటినుండి పెద్దగా మారలేదు. వర్తకుడు దారమును, నమూనాను ఏజెంటుకు ఇచ్చును. ఏజెంటు ఊరూర ఇంటింట పంచును. ఒకరు పువ్వులు అల్లుదురు, దీనిని చేతిపని అందురు. ఇంకొకరు ఆ పువ్వులను కలుపుదురు, అది అతుకుపని. వేరొకరిది కాజాకుట్టు. అల్లినవి మరల వర్తకుని కొట్టుకు చేరి ఉతుకబడి, మరమ్మతులై, ఇస్త్రీయై ఓడనెక్కును. పువ్వు అల్లిన ఇల్లాలు తన పువ్వు ఏ మేజాగుడ్డలో కలిసినదో చూడదు. దాని వెల ఎంతయో వినదు. ఆమెకు కూలి గంటల లెక్కన కాదు, పని లెక్కన.

ఈ సంగతిని మొదట శ్రద్ధగా పరిశీలించి గ్రంథస్థము చేసినది జర్మనీ దేశపు విదుషి మరియా మీస్. ఆమె 1970 దశకము చివర నరసాపుర ప్రాంతమున తిరిగి, 1982లో ఆంగ్లమున పుస్తకము ప్రకటించెను. ఆమె లెక్కలో ఈ జిల్లాలో లక్షకు పైబడిన స్త్రీలు లేసు అల్లుచుండిరి. దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటల పని. కూలి రూపాయికి లోపు. ఆనాడు రాష్ట్రపు చేతిపనుల ఎగుమతులలో లేసుదే అగ్రభాగము. అయినను ప్రభుత్వపు జనాభా లెక్కలలో వారిలో అధికులు పనిచేయువారుగా ఎక్కలేదు, గృహిణులుగానే ఎక్కిరి. వర్తకుని అడిగిన, వారు ఇంటిపట్టున ఊరక కూర్చుండు స్త్రీలు, కాలక్షేపమునకు అల్లుదురనును. ఇంటి యజమానియు అట్లే అనును. ఘోషా పాటించు కుటుంబములలో పొలమునకు పోకుండుట గౌరవము గనుక, అల్లువారే తమది పనియని చెప్పుకొనుటకు సిగ్గుపడిరి.

ఊరి లెక్కలు వ్రాయువారికి ఈ మాట కొంత నొప్పి కలిగింపవలెను. అడంగలులో ఏ నంబరున ఏ పైరో, ఎన్ని సెంట్లో, నీరు ఏ కాలువదో వ్రాయుదురు. చెట్టునకు లెక్కకలదు, బోదెకు లెక్కకలదు. కరవు వచ్చిన ఏట, తుపాను కొట్టిన ఏట, శిస్తు రెమిషను వ్రాసిరి గాని, ఆ ఏట ఆ యింట గింజలు కొన్నది ఏ డబ్బుతోనో వ్రాయుటకు దస్త్రమున గడి లేదు. అది దస్త్రపు దోషమే గాని అరుగుమీది స్త్రీల దోషము కాదు. కాలక్షేపమనుమాటకు రోజున ఎనిమిది గంటలు ఎట్లు పట్టునో చెప్పగలవారు లేరు.

ఇటీవలి మార్పులు కొన్ని చెప్పవలెను. 2000 దశకమున ప్రభుత్వము నరసాపురము చెంత లేసు పార్కును నెలకొల్పినది. స్త్రీల సహకార సంఘములు సమాఖ్యగా ఏర్పడి తామే దారము కొని, తామే నమూనాలు తీర్చి, కొనుగోలుదారులతో తామే మాటాడు ఏర్పాటు చేసికొన్నవి. చీనాదేశపు యంత్రలేసు చవుకగా వచ్చి బజారు నిండుటచే గిరాకి తగ్గినది. కూలి చాలక పడుచులు ఈ పని విడిచి ఇతర ఉద్యోగములకు పోవుచున్నారు. అందులకు వారిని తప్పుపట్టుట అన్యాయము. 2024లో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. మదపొల్లాము బట్ట పేరు పరదేశపు మిల్లులపాలైన రెండువందల ఏండ్లకు, ఈ సీమ పేరు ఈ సీమ వస్తువునకే చట్టరీత్యా దక్కినదన్నమాట. ఆ పత్రమును తెచ్చినప్పటికి, ఈ పనిమీద ఆధారపడిన స్త్రీలు పదునైదువేలకు పైగా ఉన్నట్లు లెక్కచెప్పిరి. మీస్ లెక్కతో పోల్చిన ఎంత తరిగినదో తెలియును.

మ్యూజియముల పద్ధతిలో ఒక లోపము కలదు. అద్దము క్రింది చీటీలో లేసు పుట్టిన దేశము, శతాబ్దము, ఒక్కొక్కప్పుడు దానిని ధరించిన దొరసాని పేరు ఉండును. అల్లినవారి పేరు చాలవరకు ఉండదు. వెనీసు చెంతనున్న బురానో దీవిలో మాత్రము ఒక పేరు నిలిచినది. 1872 నాటికి అచట సూదిలేసు విద్య దాదాపు నశించియుండెను. ఆ గడ్డుశీతకాలమున చేపలవేట సాగక దీవి ఆకలిపాలు కాగా, కొందరు పెద్దలు లేసును మరల నేర్పింపదలచి వెదకిరి. ఆ కుట్టు ఎరిగిన ముసలమ్మ ఒకతె మిగిలియుండెను. ఆమె పేరు విన్సెంజా మెమో. ఊరివారు చెంచియా స్కార్పరియోలా అని పిలిచిరి. ఆమె నేర్పగా పాఠశాల ఏర్పడినది. అది 1970దాక నడచి మూతపడెను. అదే భవనమున 1981లో లేసు మ్యూజియము తెరిచిరి.

ఈ డెల్టాలో అట్టి వారు ఒకరు కాదు, వీథికొకరు ఉన్నారు. గ్రంథాలయపు బీరువాలో ఒక అర కేటాయించి, ఊరిలో అల్లిన లేసు తునుకలను నల్లగుడ్డమీద కుట్టి ఉంచుటకు పెద్దఖర్చు కాదు. ప్రక్కనే ఒక గీతల పుస్తకము పెట్టిన చాలును. అందు వ్రాయవలసినవి: అల్లిన స్త్రీ పేరు, ఎవరివద్ద నేర్చినది, దారపు నంబరు, నమూనాకు ఇంటివారు వాడు పేరు, ఎన్ని దినములు పట్టినది, ఎంత ముట్టినది.